‘న్యాయమే, కానీ ఇప్పుడే ఎందుకు?’: పౌరహక్కుల రోజుల్లో ఎదుటిపక్షం ఏం వాదించింది

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పదో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్ డిబేట్‌లో 1960ల్లో నల్లజాతివాళ్లు సమాన హక్కుల కోసం నడిపిన పౌరహక్కుల ఉద్యమాన్ని వ్యతిరేకించిన పక్షం ఇచ్చారు. ‘ముసుగులేసుకుని ఇళ్లు తగలబెట్టినవాళ్ల తరఫున నేనేం మాట్లాడాలి నాన్నా?’ అని ఒకటే టెన్షన్ పడుతోంది. చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు కూడా ఆ ఉద్యమాన్ని వ్యతిరేకించారా? ఏమని వాదించారు?

సమాధానం:

మీ అమ్మాయిని కంగారు పడొద్దని చెప్పండి. నిజానికి కష్టమైన పక్షం ఆమెదే, ఎక్కువ నేర్చుకునేదీ ఆమే. నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. అమెరికా రాజ్యాంగం పాఠంలో ఈ భాగం వచ్చినప్పుడల్లా పిల్లలు అనేది ఒకటే: ‘ఇంత స్పష్టమైన అన్యాయం కదా సార్, దీని మీద చర్చేముంది?’ ఉంది. పదేళ్లకు పైగా పత్రికల్లో, టీవీల్లో, కోర్టుల్లో, చర్చిల్లో, సెనేట్‌లో హోరాహోరీగా జరిగింది. ముసుగులవాళ్లు, అంటే కూ క్లక్స్ క్లాన్ ముఠా, చర్చకు రారు, బాంబు పెట్టి పోతారు. వాదించినవాళ్లు వేరే. ఎడిటర్లు, సెనేటర్లు, లాయర్లు, మతపెద్దలు. వాళ్లలో చాలామంది ‘నల్లవాళ్లు తక్కువవాళ్లు’ అని పైకి అనలేదు. ‘మీరు అడిగేది న్యాయమే, కానీ...’ అన్నారు. ఆ ‘కానీ’ తర్వాత ఏమొచ్చిందన్నదే మీ ప్రశ్నకు జవాబు.

బర్మింగ్‌హామ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఎదుటిపక్షం తన వాదనను అన్నిటికంటే మర్యాదగా పెట్టింది అక్కడే. 1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. అలబామా రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఊరేగింపులు చేయకూడదని రాష్ట్ర కోర్టు ఇచ్చిన ఉత్తర్వును కాదని నడిచినందుకు ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. అదే రోజు తేదీతో ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు పత్రికకు ఒక ప్రకటన ఇచ్చారు. బిషప్పులు, పాస్టర్లు, ఒక యూదు రబ్బీ. కింగ్ పేరు ఎత్తలేదు. ‘బయటివాళ్లు’ అన్నారు. ఈ ప్రదర్శనలు తెలివైన పని కాదు, ఇది సమయమూ కాదు అన్నారు. హక్కులు దక్కకపోతే కోర్టుల్లో తేల్చుకోవాలి, స్థానిక నాయకులతో కూర్చుని మాట్లాడుకోవాలి, వీధుల్లోకి రాకూడదన్నారు.

వీళ్లను దుర్మార్గుల జాబితాలో వేస్తే మీ అమ్మాయి మొదటి అడుగే తప్పు వేసినట్టు. అదే ఏడాది జనవరిలో అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ ప్రమాణ స్వీకారం చేస్తూ, తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుగా ఉంచే పద్ధతి ఇవాళా రేపూ ఎప్పటికీ ఉంటుందని ప్రకటిస్తే, కోర్టు తీర్పులను పాటించాలని అతనికి ఎదురు చెప్పిన మతపెద్దల్లో వీళ్లు చాలామంది ఉన్నారు. దక్షిణాదిలో అలా సంతకం పెట్టడానికి అప్పట్లో ధైర్యం కావాలి. పైగా వాళ్ల వాదనకు ఒక గట్టి ఆధారం ఉంది. పది రోజుల ముందే, ఏప్రిల్ 2న, ఊళ్లో మేయర్ ఎన్నిక జరిగింది. పోలీసు శాఖను గుప్పిట్లో పెట్టుకున్న బుల్ కానర్ ఓడిపోయాడు. ఆల్బర్ట్ బౌట్‌వెల్ అనే మెత్తటి మనిషి గెలిచాడు. ‘కొత్త మేయర్ కుర్చీలో కూర్చోనివ్వండి, నాలుగు నెలలు చూడండి’ అనడంలో తప్పేముంది? మన ఊళ్లో ఏ పెద్దమనిషైనా అదే అంటాడు.

కింగ్ జైల్లో ఆ ప్రకటన చదివాడు. కాగితాలు లేక మొదట ఆ న్యూస్‌పేపర్ అంచుల మీదే జవాబు మొదలుపెట్టాడు. ఏప్రిల్ 16 తేదీతో ఉన్న ఆ ఉత్తరం ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది. అది ఎవరికి జవాబో మాత్రం ఎవరూ చదవరు! ముసుగులవాడికంటే మాకు పెద్ద అడ్డంకి ‘మీ లక్ష్యం మంచిదే, పద్ధతే బాగాలేదు’ అనే మితవాది అని కింగ్ తేల్చి చెప్పింది అందులోనే. బౌట్‌వెల్ మెత్తనివాడే, అయినా వేరుగా ఉంచే పద్ధతికి అతనూ కాపలాదారే అన్నాడు. ‘ఆగండి’ అనే మాట దాదాపు ఎప్పుడూ ‘ఎన్నటికీ జరగదు’ అనే అర్థంలోనే వచ్చిందన్నాడు.

ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఇంగ్లీషులో మూడు వందల పైచిలుకు పదాలు, మధ్యలో ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. గుంపులు మీ తల్లిదండ్రులను చంపడం చూసినప్పుడు, టీవీలో ప్రకటన చూసి పార్కుకు తీసుకెళ్లమన్న ఆరేళ్ల కూతురికి అది నల్లపిల్లలకు కాదని చెప్పలేక నాలుక మడతపడినప్పుడు, రాత్రి ఏ మోటెల్లోనూ గది ఇవ్వక కారులోనే ముడుచుకుని పడుకోవాల్సి వచ్చినప్పుడు... ఇలా ‘అప్పుడు, అప్పుడు’ అంటూ పోతుంది. చివరికి వస్తుంది అసలు మాట: అప్పుడు మీకు అర్థమవుతుంది, మేం ఎందుకు ఆగలేమో. ఆగమన్నవాళ్లను ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆపుతాడు కింగ్. క్లాసులో దీన్ని తెలుగులో చెబుతుంటే నాకు ఒక తమాషా తోచేది. ఇంగ్లీషులో అంత పొడుగు వాక్యం కట్టడం గారడీ. మన భాషలో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి అది హాయిగా ఒదిగిపోతుంది. వెనక బెంచీ కుర్రాళ్లు కూడా క్రియ కోసం చెవులు రిక్కించేవాళ్లు.

ఇక చట్టం సంగతి. ఎదుటిపక్షం చేతిలో ఉన్న పదునైన కత్తి ఇదే, దీన్ని వదులుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. 1960 నవంబరు 26న ఎన్‌బీసీ టీవీలో కింగ్‌తో వాదించిన జేమ్స్ కిల్‌పాట్రిక్ రిచ్‌మండ్‌లో పత్రిక ఎడిటర్. మాటల మనిషి. ఆ వర్గం వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది: బడుల్లో వేరుగా ఉంచొద్దని 1954లో సుప్రీంకోర్టు తీర్పిస్తే దక్షిణాది దాన్ని తలవంచి పాటించాలంటారు. మీకు నచ్చని చట్టాన్ని మాత్రం మీరు మీరుతారు. ఎవరికి వాళ్లు నచ్చిన చట్టమే పాటిస్తామంటే రాజ్యం ఉంటుందా? దీనికి కింగ్ జవాబు ఏళ్ల తరబడి ఒకటే. అన్యాయమైన చట్టాన్ని మేం చాటుగా కాదు, అందరి ఎదుటా మీరుతాం, దానికి శిక్షా అనుభవిస్తాం. చట్టం మీద గౌరవం అంటే అదే. మనకిది కొత్త కాదు, ఉప్పు సత్యాగ్రహం చదివినవాళ్లమే. తెల్లవాళ్లకే అన్న హోటళ్లలో కూర్చుని లేవకుండా నిరసన చేసిన సిట్-ఇన్ కుర్రాళ్లకు నాష్‌విల్‌లో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మూడేళ్లు మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీని చదువుకుని వెళ్లినవాడే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. బర్మింగ్‌హామ్ కోర్టు ఉత్తర్వును మీరిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడ్డారు. ఓడిపోయింది కింగ్ పక్షం. ఉత్తర్వు తప్పయితే ముందు కోర్టులో సవాలు చేయాలి, మీరకూడదన్నారు. నోబెల్ బహుమతి వచ్చి మూడేళ్లయిన మనిషి ఆ ఏడాది మళ్లీ అలబామాలో జైలుకెళ్లి కూర్చున్నాడు. మీ అమ్మాయి ఇది పట్టుకెళ్తే అవతలి జట్టు తెల్లమొహం వేస్తుంది.

కిల్‌పాట్రిక్ వాదనలో బొక్క కూడా చూపించాలి కదా. చట్టం చట్టం అన్న ఈ ఎడిటరే 1955, 56 ప్రాంతంలో, సుప్రీంకోర్టు తీర్పును రాష్ట్రాలు అడ్డుకోవచ్చని తన పత్రికలో ఉద్యమం నడిపాడు. 1956 మార్చిలో దక్షిణాది సెనేటర్లు, ప్రతినిధులు వంద మంది దాకా సంతకం పెట్టిన మేనిఫెస్టో కూడా అదే దారి. అందులో తిట్టు ఒక్కటీ ఉండదు. ‘న్యాయాధికార దుర్వినియోగం’, ‘రాష్ట్రాల హక్కులు’, ‘రెండు జాతుల మధ్య ఉన్న సామరస్యం’... అంతా శుభ్రమైన కోర్టు భాష. ఆ భాష కింద జరిగింది ఇది: వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో, తెల్లపిల్లల పక్కన నల్లపిల్లలను కూర్చోబెట్టాల్సి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు వేశారు. సుప్రీంకోర్టు 1964లో తీర్పు చెప్పేదాకా తీయలేదు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి కట్టారు. నల్లపిల్లలను కొందరు తల్లిదండ్రులు వేరే ఊళ్లో చుట్టాల ఇళ్లకు పంపారు, మిగతావాళ్లు పొలాల్లో పనికెళ్లారు. రెండో తరగతిలో ఆగిపోయిన పిల్లవాడికి మళ్లీ బడి తెరిచేసరికి మీసాలొస్తున్నాయి.

‘ఆగండి’ అనే మాటకు సుప్రీంకోర్టు కూడా ఒక చెయ్యి వేసింది. 1955లో ఆ బడుల తీర్పు అమలు గురించి చెబుతూ గడువు పెట్టలేదు. ఆచితూచి, తగిన వేగంతో చేయమంది. ఆచితూచడం మాత్రమే జరిగింది. తీర్పు వచ్చి పదేళ్లయ్యాక కూడా దక్షిణాది పదకొండు రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు వందకు ఇద్దరు కూడా లేరు.

నేను నార్త్ కరోలినాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు గ్రీన్స్‌బరోకు తీసుకెళ్లమని పట్టుబట్టాను. వూల్‌వర్త్ షాపు ఉన్న పాత భవనం ఇప్పుడు మ్యూజియం. లోపల ఆ టిఫిన్ కౌంటర్, దాని ముందు గుండ్రటి స్టూళ్లు. ఫొటోల్లో చూసి ఏదో పెద్దదనుకున్నాను, చూస్తే మన బస్టాండ్ క్యాంటీన్ కౌంటర్‌లాగే ఉంది. 1960 ఫిబ్రవరి 1న నలుగురు కాలేజీ కుర్రాళ్లు అదే షాపులో టూత్‌పేస్టు లాంటివి కొని, రసీదు జేబులో పెట్టుకుని, ఈ స్టూళ్ల మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇక్కడ మీకివ్వం అన్నారు. ఆ కౌంటర్ దగ్గర నా డబ్బు తీసుకున్నారు కదా, ఈ కౌంటర్ దగ్గర ఎందుకు చెల్లదు అని అడిగారు. వాదన అంతే. నాకు ఇష్టమైనది తర్వాత జరిగింది. కౌంటర్ వెనక పనిచేసే నల్లజాతి ఆవిడే వాళ్లను తిట్టింది, మీలాంటివాళ్ల వల్లే మనకీ గతి అని. ఒక ముసలి తెల్లావిడ దగ్గరికొస్తే, ఆ నలుగురిలో ఒకడైన ఫ్రాంక్లిన్ మెకేన్ ఇక తిట్లు తప్పవనుకున్నాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మెచ్చుకుంది, ఇన్నాళ్లెందుకు ఆగారన్నదే తన బాధ అంది. తర్వాతి ఏళ్లలో మెకేన్ ఈ సంగతి చాలాసార్లు చెప్పాడు. ఎవరు ఏ పక్షమో ఒంటి రంగును బట్టి చెప్పేయొచ్చని అనుకునేవాళ్లకు ఆ కౌంటర్ దగ్గర ఒక స్టూలు వేయాలి.

కాఫీ దగ్గర మొదలైన ఈ గొడవే ఎదుటిపక్షానికి మూడో వాదన ఇచ్చింది: ఆస్తి హక్కు. నా హోటల్, నా ఇష్టం. ప్రభుత్వ బడి వేరు, నా సొంత షాపు వేరు. దీన్ని అందరికంటే తెలివిగా రాసింది రాబర్ట్ బోర్క్ అనే యువ లా ప్రొఫెసర్. వివక్ష నీచమేనని ఒప్పుకుంటూనే, ఇష్టంలేని మనిషితో వ్యాపారం చేయమని ప్రభుత్వం బలవంతపెట్టడం అంతకంటే ప్రమాదమని 1963 ఆగస్టులో ఒక పత్రికలో వాదించాడు. పదేళ్ల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, అది వేరే సంగతి. సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ అంతకుముందు 1957, 1960 పౌరహక్కుల చట్టాలను సమర్థించినవాడే. వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల బిల్లులో హోటళ్లు, ఉద్యోగాల భాగాలు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి వ్యతిరేకంగా ఓటేశాడు. సెనేట్‌లో ఈ చర్చ ఎంత లోతుకు వెళ్లిందంటే, ‘మిసెస్ మర్ఫీ’ అని ఒక ఊహా పాత్రే పుట్టింది. తను ఉండే ఇంట్లోనే రెండు గదులు అద్దెకిచ్చుకునే పాపం ముసలావిడ. ఆమెను కూడా జైల్లో వేస్తారా అని అడిగారు. చివరికి చట్టంలో ఆమెకు చోటు దొరికింది: యజమాని అక్కడే ఉంటూ అయిదు గదులకు మించి అద్దెకివ్వని ఇల్లయితే మినహాయింపు.

మర్ఫీ గారు ఊహ. కారులో కుటుంబంతో బయల్దేరిన నల్లజాతి తండ్రి ఊహ కాదు. పిల్లలకు ఎక్కడ అన్నం పెట్టించాలి, బాత్‌రూమ్‌కు ఎక్కడ ఆపాలి, రాత్రికి ఎక్కడ పడుకోబెట్టాలి అని లెక్కవేసుకుంటూ డ్రైవ్ చేయాల్సిన పరిస్థితిని నల్లజాతి నాయకుడు రాయ్ విల్కిన్స్ 1963లో సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. ఒకరి ‘ఆస్తి హక్కు’ ఇంకొకరికి వందల మైళ్ల దారిలో ఎలా కనిపిస్తుందో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదని నా ఉద్దేశం. చట్టం వచ్చాక అట్లాంటాలో 216 గదుల మోటెల్ యజమాని కోర్టుకెళ్లి, నల్లవాళ్లకు గది ఇవ్వమనడం నాతో వెట్టిచాకిరీ చేయించడమే, బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణకే విరుద్ధం అని వాదించాడు. నవ్వకండి, అతనూ లాయరే. తన కేసు తనే వాదించుకున్నాడు. 1964 డిసెంబరులో జడ్జీలంతా ఒక్కమాటగా కొట్టేశారు.

నాలుగో వాదన మన ఇళ్లలో బాగా తెలిసినదే: చట్టాలతో మనసులు మారవు. ముందు చదువు రావాలి, మనసు మారాలి, అదంతటదే సర్దుకుంటుంది. కులం గురించి ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. దీనికి కింగ్ జవాబు తరచూ ఇలా ఉండేది: చట్టం నా మీద ప్రేమ పుట్టించలేదు నిజమే, నన్ను చెట్టుకు ఉరితీయకుండా మాత్రం ఆపగలదు. నాకు అదీ ముఖ్యమే.

‘కింగ్ ఒకవైపు, మాల్కం ఎక్స్ ఒకవైపు’ అనే సినిమా కథను మీ అమ్మాయి పట్టుకుంటే అవతలివాళ్లు సులువుగా పడగొడతారు. నల్లజాతి వాళ్లలోనే ఎన్నో పక్షాలు. దేశంలోనే అతిపెద్ద నల్లజాతి బాప్టిస్టు సంఘానికి అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్ వీధి ఆందోళనలకు బద్ధ వ్యతిరేకి. కింగ్ చనిపోయాక షికాగోలో ఆయన చర్చి ముందు రోడ్డుకు కింగ్ పేరు పెడితే, ఆ పేరు తన అడ్రసులో రాకుండా ద్వారం పక్కవీధికి మార్పించాడు. అంత పట్టుదల! ఇక తెల్లవాళ్ల నుంచి వేరుపడటమే దారి అన్న మాల్కం ఎక్స్, 1962 మార్చిలో కార్నెల్ యూనివర్సిటీలో పౌరహక్కుల నాయకుడు జేమ్స్ ఫార్మర్‌తో ‘కలిసి బతకడమా, వేరుపడటమా’ అనే విషయం మీద తలపడ్డాడు. జబ్బేమిటో మాకూ తెలుసు డాక్టర్, మందేమిటో చెప్పు అని ఫార్మర్ నిలదీశాడు. అదే మాల్కం 1965 ఫిబ్రవరిలో అలబామాలోని సెల్మా అనే ఊరికి వెళ్లి, జైల్లో ఉన్న కింగ్ భార్య కొరెటాతో, నేనొచ్చింది మీవారి పని సులువు చేయడానికే అన్నాడు. నా మాటలు వింటే తెల్లవాళ్లు ఆయన మాట వినడానికి సిద్ధపడతారని.

‘ఓపిక’ అనే ఒక్క మాట కోసం ఎంత గొడవ జరిగిందో చూడండి. 1963 ఆగస్టు 28, వాషింగ్టన్‌లో పౌరహక్కుల సభ. రెండున్నర లక్షల జనం. ఇరవై మూడేళ్ల విద్యార్థి నాయకుడు జాన్ లూయిస్ ప్రసంగం కాపీలు ముందురోజే బయటికొచ్చాయి. అందులో ‘ఓపిక’ పాడుమాట అని ఉంది. అది ఉంటే నేను వేదికెక్కను అన్నాడు ప్రార్థన చేయాల్సిన కాథలిక్ ఆర్చిబిషప్ ఓబాయిల్. ఆయన ప్రకారం ఓపిక సద్గుణం, పాడుమాట ఎలా అవుతుంది? జనం ఎదురుచూస్తుంటే లింకన్ విగ్రహం వెనక పెద్దలంతా కుర్రాడిని చుట్టుముట్టారు. ఆ సభను తలపెట్టిన డెబ్బై నాలుగేళ్ల ఫిలిప్ రాండాల్ఫ్, జీవితమంతా ఈ రోజు కోసం ఎదురుచూశాను, పాడుచేయకు నాయనా అన్న ధోరణిలో బతిమాలాడు. ఆయన మాట కాదనలేక లూయిస్ దిద్దాడు. చివరికి చదివినదాంట్లో, ఓపిక పట్టమనేవాళ్లకు మేం ఓపిక పట్టలేమని చెప్తున్నాం అని ఉంది. పాడుమాట పోయింది, అర్థం పోలేదు. ఇదీ ఉద్యమం లోపలి చర్చ. టీవీలో కనిపించదు.

ఇంతకూ మామూలు జనం ఎటున్నారు? ఎక్కువమంది ‘ఆగండి’ వైపే. 1961లో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బస్సెక్కి దక్షిణాదికి వెళ్లి దెబ్బలు తిన్నప్పుడు, గాలప్ సర్వేలో వాళ్లను సమర్థించింది వందకు 22 మంది, తప్పన్నది 61 మంది. వాషింగ్టన్ సభకు ముందు అడిగినా అంతే, సగానికి పైగా వద్దన్నారు. ఇప్పుడు మాత్రం ఎవరిని అడిగినా మా తాత ఆ రోజు కింగ్ వైపే అంటారు.

తేదీల గురించి ఒకటి చెప్తాను. 1965 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో రచయిత జేమ్స్ బాల్డ్విన్, పత్రికాధిపతి విలియం బక్లీ వాదించుకున్నారు. ‘అమెరికన్ కల నీగ్రోను పణంగా పెట్టి నిలబడిందా?’ అన్నది విషయం. 544 ఓట్లు బాల్డ్విన్‌కు, 164 బక్లీకి. బక్లీ చమత్కారి. మిసిసిపీలో సమస్య నల్లవాళ్లు ఓటేయకపోవడం కాదు, తెల్లవాళ్లు మరీ ఎక్కువమంది వేయడం అన్నాడు. అదే రాత్రి అలబామాలోని మారియన్‌లో ఓటు హక్కు ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డారు. జిమ్మీ లీ జాక్సన్ అనే ఇరవై ఆరేళ్ల కుర్రాడిని ఒక హోటల్లో కాల్చారు. ఎనిమిది రోజులకు చనిపోయాడు. అతని కోసమే సెల్మా నడక. ఆ నడక నుంచే ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది.

మనవాళ్లకు సంబంధించింది దాని వెనకే వచ్చింది. 1946 నుంచీ భారతీయులకు అమెరికా ఏడాదికి ఇచ్చే కోటా వంద మంది. వంద! పుట్టిన దేశాన్ని బట్టి కోటా పెట్టే పద్ధతిని తీసేసిన ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పడింది 1965 అక్టోబరు 3న, పౌరహక్కుల గాలిలోనే. అంతకుముందు సంవత్సరం మే నెలలో మన రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్‌లో ఒక కెఫెటీరియాలోకి భోజనానికి వెళ్తే ఒంటి రంగు చూసి ఆపారు, కదలనన్నందుకు పోలీసులు పట్టుకెళ్లారు. పార్టీల్లో ‘మనం మెరిట్‌తో వచ్చాం, వాళ్ల గొడవ మనకెందుకు’ అనే మాట వినిపించినప్పుడు నేను ఈ రెండు సంగతులూ చెప్పి బిర్యానీ ప్లేటు పట్టుకుని పక్కకు జరుగుతాను. మా అల్లుడు ఇప్పుడు నన్ను పార్టీలకు తక్కువగా తీసుకెళ్తున్నాడు.

ఇక మీ అమ్మాయి పనికి వద్దాం. ‘రాష్ట్రాల హక్కుల’ జోలికి పోవద్దు, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పేరెత్తగానే అది కూలిపోతుంది. మతపెద్దల వాదన తీసుకోమనండి: లక్ష్యం ఒప్పుకుని, సమయం, పద్ధతి మీద మాత్రమే పోట్లాడాలి. కొత్త మేయర్ సంగతి, 1967 తీర్పు చేతిలో ఉంచుకోవాలి. ముందు ఆ ఎనిమిది మంది ప్రకటన చదవమనండి, పది నిమిషాలు పట్టదు. తర్వాత కింగ్ ఉత్తరం. తిరగేసి చదివితే ప్రయోజనం లేదు, ఉత్తరం చదివాక ప్రకటన ఎవరికీ ఆనదు. ఆ ఎనిమిది మందిలో ఒకరైన బిషప్ డ్యురిక్ తర్వాత టెన్నెసీకి వెళ్లి పౌరహక్కుల వైపే గట్టిగా నిలబడ్డారు. రబ్బీ గ్రాఫ్‌మన్‌కు మాత్రం చివరిదాకా కష్టంగానే ఉండిపోయింది, మమ్మల్ని కింగ్ అన్యాయంగా బోనెక్కించాడని. ఎవరైనా ‘మీరు ఆ రోజు ఉంటే ఏం చేసేవారు’ అని అడిగితే, గ్రాఫ్‌మన్‌లా మాట్లాడమని చెప్పండి.